పదవీ విరమణ తరువాత గిడుగువారు

ఉద్యోగం ముగిసినవారిని మా చీడికాడ వైపు కూడా "ఇక కృష్ణా రామా అనుకోండి మాస్టారూ" అంటారు. మనసు ఎదుగుదల యౌవనంతోనే సమాప్తమన్న నమ్మకం ఆ మాటలో ఉన్నది. పియాజే చెప్పిన బుద్ధి వికాస దశలు సైతం కౌమారంతోనే ఆగుతాయి. ఎరిక్ ఎరిక్సన్ 1950లో జీవితాన్ని ఎనిమిది దశలుగా విభజించి, ఎదుగుదలను వార్ధక్యం దాకా చూపాడు. అందులో ఏడవ దశ నడివయస్సు. రాబోయే తరానికై పాటుపడటమా, స్తబ్ధుగా మిగలటమా అన్నది అప్పటి పరీక్ష.

అంతకు పూర్వమే మన ఉత్తరాంధ్రలో దానికొక నిదర్శనం కలదు. 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, 1911లో విరమించారు. 1919లో 'తెలుగు' పత్రికను స్థాపించి వ్యావహారిక భాష కోసం పోరాడారు. ఉద్యోగకాలంలోనే ఆరంభించిన సవర భాషాధ్యయనం 1931లో వ్యాకరణ గ్రంథమైనది. అప్పటికి వారికి అరవై ఏడు దాటినవి.

సామాన్యుని బిడ్డకైనా, సవర బిడ్డకైనా తన నోటి మాటలోనే చదువు అందాలన్నది వారి తపన. బడిలో కొందరికే ఉపాధ్యాయులైన ఆయన, బడి విడిచిన పిమ్మట ఒక జాతికే ఉపాధ్యాయులైనారు.

మిత్రులారా, మీ ఊళ్ళలోని విశ్రాంత ఉపాధ్యాయులను ఒక్కసారి ఈ దృష్టితో చూడండి.