పరమానందయ్య శిష్యుల కథలు
పరమానందయ్య శిష్యుల కథలు పరమానందయ్య అనే గురువు, ఆయన పన్నెండుమంది అమాయక శిష్యుల చుట్టూ అల్లుకున్న తెలుగు జానపద హాస్య కథలు. శిష్యులకు గురుభక్తి మెండు, లోకజ్ఞానం తక్కువ. మేలు చేయబోయి కీడు తెస్తారు. సూది తెమ్మంటే తాటిమొద్దుకు గుచ్చి అందరూ మోసుకొస్తారు. ఏరు నిద్రపోయిందో లేదో తెలుసుకోవడానికి నీళ్లలో కొరివి ముంచి, చుయ్యిమన్న చప్పుడుకు పరుగెత్తుతారు. ఏరు దాటాక లెక్కపెట్టేవాడు తనను వదిలేయడంతో ఒకడు మునిగిపోయాడని ఏడుస్తారు. ఈ లెక్క తప్పే ఇంగ్లండులోని గోథమ్ ఊరి కథల్లోనూ ఉంది. ఇటలీకి చెందిన క్రైస్తవ మతప్రచారకుడు బెస్కి (1680–1747) తమిళంలో రాసిన పరమార్థ గురువు కథ వీటికి దగ్గరి బంధువు. సి.పుల్లయ్య దర్శకత్వంలో, ఎన్.టి.రామారావు కథానాయకుడిగా 1966లో ‘పరమానందయ్య శిష్యుల కథ’ చిత్రం వచ్చింది. మంచి మనసుతోనే పని చెడగొట్టేవారిని ‘పరమానందయ్య శిష్యులు’ అనడం తెలుగులో నానుడి.