దవడ ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రే: అలవాటా, అవసరమా?

ఈసారి చరిత్ర కాస్త ఆసుపత్రి వైపు పోతుంది.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా పోయే 44వ నంబరు హైవేలో బండి మీంచి పడి దవడ విరగ్గొట్టుకున్నవాళ్లు మనకు కొత్త కాదు. ప్లేట్లు వేసి ఇంటికి పంపాక, బాగానే ఉన్నవాళ్లను కూడా కొన్నిచోట్ల "ఎక్స్‌రే తీయించుకొని రండి" అంటారు. ఇది ఎక్కడినుంచి వచ్చింది?

1865లో అమెరికా విదేశాంగ మంత్రి సివార్డ్‌కు గుర్రబ్బండి ప్రమాదంలో దవడ విరిగింది. న్యూయార్కు పళ్ల డాక్టరు థామస్ గన్నింగ్ గట్టి రబ్బరుతో అచ్చు చేసి, పళ్లకు బిగించి అతికించాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు. ఎముక సరిగా కూర్చుందని చెప్పే సాక్షి ఒకటే: పైపళ్లు, కిందిపళ్లు మునుపటిలా కలవడం.

1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ కొత్త కిరణాలు కనిపెట్టాడు. అవేమిటో తెలియదు కాబట్టి 'ఎక్స్' అన్నాడు. తమిళ మీడియంలో చదివిన నాకు అవి 'ఊడుకదిర్', ఇక్కడి కన్నడంలో 'క్ష-కిరణ'. ఆ కాలంలో చాలావరకు దవడను కోయకుండా, పళ్లకు తీగ చుట్టి కొన్ని వారాలు నోరు కట్టేసేవారు. లోపలి ఎముక కంటికి కనబడదు కాబట్టి ఫిల్ము కావాల్సి వచ్చింది. 1950లలో ఫిన్లాండ్‌లో పాటెరో చేసిన పద్ధతితో దవడ మొత్తం ఒకే ఫిల్ములో వచ్చింది.

1970లలో ఫ్రాన్స్‌లో మిషెలె, షాంపీ చిన్న ప్లేట్లు, స్క్రూలు తెచ్చారు. ఇప్పుడు డాక్టరు ఎముకను కళ్లతో చూస్తూనే బిగిస్తాడు. ఫిల్ము పుట్టిన కారణం సగం పోయింది, అలవాటు మాత్రం నిలిచింది. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, కారణం పోయినా రిజిస్టరు పోకపోవడం నాకు తెలిసిన సంగతే.

పాత రోగుల రికార్డులు తిరగేసిన డాక్టర్లు తేల్చింది ఇదే: ఏ బాధా లేనివాళ్లకు మామూలుగా తీసే ఎక్స్‌రే వల్ల వైద్యం మారడం చాలా అరుదు. ఒక ఫిల్ముకు రేడియేషన్ కొంచెమే. కానీ బాగేపల్లి నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. చింతామణి కూలిమనిషికి అది ఒక రోజు కూలి, తోడు వచ్చినవాళ్ల కూలి కూడా.

అలాగని ఎక్స్‌రే వద్దని నేను చెప్పడం లేదు. పళ్లు సరిగా కలవకపోయినా, నొప్పి, వాపు పెరిగినా, చీము వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మళ్లీ దెబ్బ తగిలినా వెంటనే పోవాలి. చెవి ముందున్న కీలు దగ్గర విరిగినా, ఎముక ముక్కలు ముక్కలైనా డాక్టరు ఫిల్ము అడగడం సబబే. ఇంకొకటి: "ఎక్స్‌రే బాగుంది కదా" అని ఈ బాధలను ఇంట్లో దాచుకోకండి. ఫిల్ము బాగున్నా డాక్టరుకు చూపించుకోవాలి.

కాబట్టి చీటీ చేతికిచ్చినప్పుడు మర్యాదగా ఒక మాట అడగండి: "సార్, ఇందులో ఏం చూడాలనుకుంటున్నారు?" కారణం చెబితే తప్పకుండా తీయించుకోండి. చెకప్‌కు మాత్రం ఎవరూ మానొద్దు. అక్కడ డాక్టరు ముందుగా చూసేది గన్నింగ్ చూసిందే, మన పళ్లు కలిసే తీరు.