పత్తి మనది.. బట్ట పరాయిది
కాకతీయుల కాలం నుంచి మెగా పార్కు దాకా ఓరుగల్లు నేత ప్రస్థానం

వరంగల్: దసరా పండుగ దాటిందంటే ఎనుమాముల మార్కెట్ యార్డు తెల్లబడుతుంది. చుట్టుపక్కల మండలాల నుంచి ట్రాక్టర్లు, ఆటోలు, డీసీఎం వ్యానులు పత్తి బస్తాలతో బారులు తీరుతాయి. ఆసియాలోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటిగా పేరొందిన ఈ యార్డులో అమ్ముడైన పత్తి జిన్నింగు మిల్లులకు చేరి, దూది బేళ్లుగా మారి లారీలెక్కుతుంది. ఆ దూదిలో అధిక భాగం నూలుగా, బట్టగా మారేది మాత్రం ఇతర రాష్ట్రాలలోనే. ఆ బట్ట నేసే మగ్గాల ముందు నిలబడే కార్మికులలో ఓరుగల్లు బిడ్డలు వేల సంఖ్యలో ఉన్నారు. పత్తి ఇక్కడిది, చేతులు ఇక్కడివి, మధ్యనున్న మిల్లు మాత్రం ఇక్కడ లేదు. ఒకనాడు ఆ మిల్లు కూడా ఇక్కడే ఉండేది. ఈ నగర ఆర్థిక చరిత్ర అంతా ఆ మిల్లుకు ముందు, ఆ మిల్లుకు తరువాత అన్నట్లుగా సాగింది.

కాకతీయుల నాటి ఖ్యాతి

ఓరుగల్లు రాజధానిగా కాకతీయులు పాలించిన కాలంలోనే ఈ ప్రాంతపు వస్త్రాలు సముద్రం దాటాయి. గణపతిదేవుడు 13వ శతాబ్దం మధ్యలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం విదేశీ వర్తకులకు రక్షణ కల్పించింది. ఓడ పగిలి సరకు ఒడ్డుకు కొట్టుకొచ్చినా దానిని రాజు స్వాధీనం చేసుకోబోడని, నిర్ణీత సుంకం మాత్రమే వసూలు చేస్తామని ఆ శాసనం హామీ ఇచ్చింది. ఆ శతాబ్దం చివరిలో వచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యంలో నేసే సన్నని వస్త్రాలను సాలెగూటితో పోల్చాడు.

మొగలుల దండయాత్రలతో పాటు తివాచీ నేత ఇక్కడికి వచ్చిందన్నది తరతరాలుగా చెప్పుకొనే మాట. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు చోటు సంపాదించాయి. నిజాం కాలంలో ఏర్పడిన వరంగల్ కేంద్ర కారాగారంలో ఖైదీలు నేసిన తివాచీలకు, జంపఖానాలకు కూడా మంచి గిరాకీ ఉండేది. ఆస్పత్రి నిర్మాణం కోసం 2021లో ఆ కారాగారాన్ని కూల్చివేశారు.

రైలు తెచ్చిన మార్పు

నిజాం రైలు మార్గం 19వ శతాబ్దం చివరి దశకాలలో సికిందరాబాదు నుంచి వరంగల్ మీదుగా సాగి 1889లో బెజవాడకు చేరింది. 1929లో కాజీపేట - బల్లార్షా మార్గం పూర్తి కావడంతో ఉత్తర, దక్షిణ భారతాలను కలిపే కూడలిగా కాజీపేట మారింది. పత్తి పండే నేలకు రైలు తోడైంది. చుట్టూ సాలెల గ్రామాలు ఉండనే ఉన్నాయి. మిల్లు స్థాపనకు కావలసిన హంగులన్నీ ఒకచోట చేరాయి.

అదే రైలు నేతగాళ్ల వలసకూ దారి వేసింది. మిల్లు బట్ట చవకగా రావడంతో గ్రామాలలో చేమగ్గాలకు పని తగ్గింది. తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు షోలాపూర్‌కు, ఆ తరువాత భివండీకి, సూరత్‌కు తరలిపోయాయి. షోలాపూర్ తూర్పు భాగంలోనూ, భివండీలోని పద్మనగర్‌లోనూ ఈనాటికీ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది.

ఆజంజాహి వెలుగులు

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన పెద్ద కుమారుడు ఆజంజా పేరిట 1934లో వరంగల్‌లో ఆజంజాహి మిల్లును నెలకొల్పారు. నాటి హైదరాబాదు రాజ్యంలో గుల్బర్గా, నాందేడ్ పట్టణాలలోనూ బట్టల మిల్లులు ఉన్నప్పటికీ, తెలంగాణ జిల్లాలలో ఇంతటి మిల్లు మరొకటి లేదు. నూలు వడకడం, బట్ట నేయడం ఒకే ప్రాంగణంలో జరిగేవి. మిల్లుకు సొంతంగా విద్యుదుత్పత్తి కేంద్రం ఉండేది. మూడు షిఫ్టుల పనితో, షిఫ్టు మారినప్పుడల్లా మోగే సైరన్‌తో నగర జీవితానికి ఒక క్రమం ఏర్పడిందని పాత తరం వారు చెబుతారు.

మిల్లు వేతనమంటే ఆ రోజుల్లో సర్కారు కొలువుతో సమానం. నెలనెలా జీతం, భవిష్యనిధి, వైద్య సదుపాయం ఉండేవి. ఆ జీతాల మీద కిరాణా దుకాణాలు, హోటళ్లు, దర్జీలు, రిక్షా కార్మికులు బతికారు. చుట్టుపక్కల పల్లెల వారు కాలనీలు కట్టుకుని పట్టణ వాసులయ్యారు. కార్మిక సంఘాల రాజకీయాలకు కూడా ఈ మిల్లే బడిగా నిలిచింది.

సైరన్ ఆగింది

స్వాతంత్ర్యానంతరం దేశవ్యాప్తంగా బట్టల మిల్లులు ఒకటొకటిగా నష్టాల్లోకి జారాయి. 1974లో కేంద్ర ప్రభుత్వం రుగ్మత పాలైన మిల్లులను జాతీయం చేసినపుడు ఆజంజాహి మిల్లు జాతీయ జౌళి సంస్థ పరిధిలోకి వెళ్లింది. ఉద్యోగాలు నిలిచాయి గాని యంత్రాలు మారలేదు. మరోవైపు మరమగ్గాలు విజృంభించాయి. మిల్లు యాజమాన్యం కార్మికునికి నెల జీతం, సెలవులు, భవిష్యనిధి ఇవ్వవలసి ఉండగా, చిన్న షెడ్డులో నాలుగు మరమగ్గాలు పెట్టుకున్న యజమాని మీటరు లెక్కన కూలి ఇచ్చి చవకగా బట్ట నేయించగలిగాడు. పాలియెస్టర్ వస్త్రం రావడంతో నూలు బట్టకు గిరాకీ మరింత పడిపోయింది.

చివరకు స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద కార్మికులను ఇంటికి పంపి, 2002లో మిల్లును మూసివేశారు. తరువాతి ఏళ్లలో యంత్రాలు తుక్కు కింద పోయాయి. భవనాలు నేలమట్టమయ్యాయి. మిల్లు స్థలంలో కొంత భాగం ఇళ్ల ప్లాట్లుగా మారగా, వరంగల్ జిల్లా సమీకృత కలెక్టరేట్‌కు కూడా ఆ స్థలాన్నే ఎంచుకున్నారు. తమకు దక్కవలసిన ఇళ్ల స్థలాల కోసం మాజీ కార్మికులు ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది.

మిల్లు మూతతో పోయినవి ఉద్యోగాలు మాత్రమే కావు. పత్తికీ బట్టకూ మధ్యనున్న 'వడకడం' అనే మెట్టు నగరం నుంచి మాయమైంది. పంట ఒకవైపు, నేత మరొకవైపు తెగిపోయాయి.

క్వింటాలు పత్తిలో ఎవరి వాటా ఎంత?

ఈ తెగిన మెట్టు విలువ తెలియాలంటే చిన్న లెక్క చాలు. క్వింటాలు పత్తిని జిన్నింగు చేస్తే సుమారు 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది. మిగిలినదానిలో అత్యధిక భాగం గింజలే. గింజల నుంచి నూనె తీస్తారు, చెక్క పశువులకు మేతవుతుంది. సుమారు ఐదు క్వింటాళ్ల పత్తి నుంచి 170 కిలోల బేలు ఒకటి తయారవుతుంది. దూది నూలైనపుడు ఒక విలువ, నూలు బట్టైనపుడు మరొక విలువ, బట్ట రంగులద్దుకుని కుట్టిన దుస్తులుగా మారినపుడు ఇంకా పెద్ద విలువ చేరుతాయి. వీటిలో మొదటిదైన జిన్నింగు మాత్రమే వరంగల్ పరిసరాలలో విస్తారంగా జరుగుతోంది. అది ఏడాదిలో కొద్ది నెలల పని. ఉపాధి ఎక్కువగా ఉండే తక్కిన మెట్లు తమిళనాడు, గుజరాత్, మహారాష్ట్రలకు దక్కుతున్నాయి.

రైతు పరిస్థితి ఇందుకు భిన్నం కాదు. దేశంలో పత్తి సాగులో మహారాష్ట్ర, గుజరాత్‌ల సరసన నిలిచే రాష్ట్రం తెలంగాణ. అయినా ధర నిర్ణయం రైతు చేతిలో లేదు. 1997-98లో పొగాకు లద్దె పురుగు, పచ్చ పురుగు దాడితో పంట నాశనమై, నకిలీ మందులు, ప్రయివేటు అప్పులు తోడై ఉమ్మడి వరంగల్ జిల్లాలో రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలచివేశాయి. 2002లో అనుమతి పొందిన బీటీ విత్తనం కాయతొలుచు పురుగుల నుంచి కొంతకాలం ఊరటనిచ్చినా, తరువాత గులాబీ రంగు పురుగు దానికీ లొంగకుండా పోయింది.

2025-26 సీజనుకు కేంద్రం పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. భారత పత్తి సంస్థ కేంద్రాలలో ఈ ధర పూర్తిగా దక్కాలంటే తేమ 8 శాతానికి మించరాదు. అది దాటితే ధరలో కోత పడుతుంది, 12 శాతం దాటితే కొనుగోలే ఉండదు. దసరా తరువాతి మంచుకు, అకాల వానకు తడిసిన పత్తితో రైతు ప్రయివేటు వ్యాపారి వద్దకే వెళ్లక తప్పదు. అదే 2025లో ఆగస్టు నుంచి డిసెంబరు వరకు కేంద్రం పత్తి దిగుమతి సుంకాన్ని ఎత్తివేసింది. మిల్లులకు అది మేలు, రైతుకు పోటీ. మిల్లు మన ఊళ్లో ఉంటే ఆ మేలులో కొంతైనా మనకు తిరిగి వచ్చేది.

కొత్తవాడ జంపఖానా

మిల్లు పోయినా చేమగ్గం పూర్తిగా పోలేదు. కొత్తవాడ పేరు చెబితే జంపఖానా గుర్తుకు వస్తుంది. జంపఖానాలో పేక దారం పడుగును పూర్తిగా కప్పివేస్తుంది. పంజాతో ఒత్తి కొట్టినకొద్దీ నేత గట్టిపడుతుంది. అందుకే అది ఏళ్ల తరబడి మన్నుతుంది. ముడులు కట్టి నూలుకు రంగులు అద్దే పద్ధతిలో, కలంకారీ అచ్చుల పద్ధతిలో కూడా వీటిని తయారుచేస్తారు. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు లభించింది.

గుర్తింపు వచ్చినంత మాత్రాన గిట్టుబాటు రాలేదు. మగ్గం మీద ఒకరు కూర్చుంటే, కండెలు చుట్టడం, పడుగు సరిచేయడం వంటి పనులలో ఇల్లంతా పాల్గొనవలసిందే. కూలి మాత్రం నేసిన దానికే లెక్క కడతారు. సంఘాలు ఎక్కువగా ప్రభుత్వ కొనుగోళ్ల మీద, వసతి గృహాలకు ఇచ్చే ఆర్డర్ల మీద ఆధారపడ్డాయి. ఆర్డరు ఆలస్యమైనా, బకాయిలు పేరుకుపోయినా మగ్గం ఆగుతుంది. చిలపల నూలు ధర పెరిగిన ప్రతిసారీ ఆ భారం నేతగాని మీదనే పడుతుంది. పత్తి పండే జిల్లాలోనే నేతగాడు నూలు కోసం బయటి మిల్లుల వైపు చూడవలసి రావడం విచిత్రం.

సూరత్ రైలు

కొత్త తరం మగ్గం దిగి రైలెక్కింది. సూరత్‌లో మరమగ్గాల మీద రోజుకు 12 గంటల షిఫ్టు సాధారణం. కూలి మీటరు లెక్కన ఉంటుంది. ఇరుకు గదుల్లో కాపురం, చెవులు దిమ్మెక్కించే మోత ఉన్నా, నెల తిరిగేసరికి చేతికి వచ్చే సొమ్ము ఇక్కడి కూలికన్నా ఎక్కువ కావడమే వలసకు కారణం. 2020లో కరోనా లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగిపోయినపుడు ఆ కుటుంబాల ఆదాయం ఒక్కసారిగా నిలిచిపోయింది. సొంత ఊళ్లో పని ఉండాలన్న కోరిక అప్పుడు మరింత బలపడింది. సూరత్, భివండీల నుంచి తిరిగి వచ్చిన నేత కార్మికులు కొందరు మడికొండలోని పారిశ్రామికవాడలో సొంతంగా మరమగ్గాలు నెలకొల్పుకున్నారు.

మెగా పార్కుపై ఆశలు

ఈ నేపథ్యంలోనే 2017 అక్టోబరు 22న గీసుకొండ, సంగెం మండలాల సరిహద్దులో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు నాటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు శంకుస్థాపన చేశారు. శాయంపేట, చింతలపల్లి పరిసరాలలో వెయ్యి ఎకరాలకు పైగా భూమిని ఇందుకు సేకరించారు. దూది నుంచి దుస్తుల వరకు అన్ని దశలూ ఒకేచోట జరగాలన్నది లక్ష్యం. 2023 మార్చిలో కేంద్రం ప్రకటించిన 7 పీఎం మిత్ర పార్కులలో వరంగల్‌కు స్థానం దక్కింది.

పార్కులోకి వచ్చిన సంస్థలను చూస్తే ఒక విషయం గమనార్హం. 2022లో ప్రారంభమైన గణేశా సంస్థ వాడిపారేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి పాలియెస్టర్ పోగు తీస్తుంది. కేరళకు చెందిన కైటెక్స్ చిన్నపిల్లల దుస్తులకు, కొరియాకు చెందిన యంగ్‌వన్ క్రీడా, చలి దుస్తులకు పేరొందినవి. ఇవి ఉపాధికి, ముఖ్యంగా మహిళల ఉపాధికి ఎంతో అవసరమైనవి. అయితే ఎనుమాముల పత్తికి వీటిలో పాలియెస్టర్ పోగుతో గాని, చలి కోట్లతో గాని నేరుగా సంబంధం లేదు. దూదిని వడికే మిల్లులు తగినన్ని వస్తేనే పార్కు లక్ష్యం నెరవేరినట్లవుతుంది.

కావలసినవి మూడు

పార్కు ఫలితాన్ని పెట్టుబడుల ప్రకటనలతో కాక మూడు కొలతలతో చూడాలి. ఒకటి, ఉమ్మడి జిల్లా దూదిలో ఎంత భాగం ఇక్కడే నూలవుతున్నది. రెండు, ఆ నూలులో కొంతైనా చిలపల రూపంలో కొత్తవాడ మగ్గాలకు సరసమైన ధరకు అందుతున్నదా. మూడు, సూరత్‌లో పనిచేస్తున్న నేతగాడు తిరిగి వస్తే అక్కడి కూలితో సమానమైన కూలి, దానితోపాటు భవిష్యనిధి, వైద్య బీమా ఇక్కడ దొరుకుతాయా. భూములిచ్చిన గ్రామాల యువతకు శిక్షణ ఇచ్చి ఉద్యోగాలు చూపడం కూడా వీటితో ముడిపడినదే.

ఆజంజాహి మిల్లు నేర్పిన పాఠం కూడా మరువరాదు. అది పెట్టుబడి లేక పుట్టకపోలేదు, యంత్రాలు మార్చక చనిపోయింది. శంకుస్థాపన ఒక్కరోజు పని, మిల్లును నిలబెట్టడం తరం పని.

ముఖ్య ఘట్టాలు

* 1851: లండన్ మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు
* 1889: వరంగల్ మీదుగా బెజవాడకు రైలు మార్గం
* 1934: ఆజంజాహి మిల్లు స్థాపన
* 1974: జాతీయ జౌళి సంస్థ పరిధిలోకి మిల్లు
* 1997-98: పత్తి పంట నష్టం, రైతుల ఆత్మహత్యలు
* 2002: మిల్లు మూత
* 2017: కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన
* 2018: వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు
* 2023: పీఎం మిత్ర పార్కుల జాబితాలో వరంగల్