దంపుడు బియ్యము – దేహదార్ఢ్యము

వ్యాయామమును గూర్చి వ్రాయువారు దండీలను, బస్కీలను, గోదాలను వర్ణించి యూరకుందురు. మల్లుని కండకు వంటయింటితో గల సంబంధమును తడవువారు అరుదు. ఈ సంబంధమును తెలిపెడు చరిత్ర యొకటి మన యాంధ్రదేశమునందే జరిగినది.

1835వ సంవత్సరమున మాల్కంసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి మదరాసున నొక గ్రంథమును ప్రకటించెను. ఆ వ్యాధికి నాడు పేరువడసిన ప్రదేశము మన ఉత్తర సర్కారులు. రోగికి కాళ్లు తిమ్మిరెక్కును, పిక్కలు పట్టుదప్పును, కొందఱికి ఒడలు వాచి గుండె నిలిచిపోవును. కసరత్తు చేసి యారితేరిన సిపాయిలను సైతము అది విడువలేదు. ధాన్యపుమరలు రాకమునుపటి మాట యిది. కావున దోషమంతయు మరపై మోపుట న్యాయము కాదు. తెల్లని యన్నముపై మోజు మరకంటె పాతది. పలుమాఱులు దంపి చెఱిగిన బియ్యమునందును తవుడు మిగులదు గదా.

జావాద్వీపమున అయిక్మన్ పండితుడు పంతొమ్మిదవ శతాబ్ది చివర కోళ్లకు తెల్లబియ్యము పెట్టి చూచెను. వాని కాళ్లు పడిపోయెను. ముడిబియ్యము పెట్టగా లేచి తిరిగెను. 1929లో ఆయనకు నోబెల్ బహుమాన మిచ్చిరి. తవుడునందలి యా గుణద్రవ్యమే థయమిన్. దానిని 1936లో కృత్రిమముగా నిర్మించిన విలియమ్స్ 1886లో మన నెల్లూరున బుట్టినవాడని యెంతమంది యెఱుగుదురు?

అన్నమునందలి పిండిపదార్థము శక్తిగా మాఱుటకు థయమిన్ వలయును. శ్రమించువాడు అన్న మధికముగా దినును. దినినకొలది థయమిన్ అవసరమును పెరుగును. తవుడు గేదెకును, తెలుపు బిడ్డకును బెట్టి, గేదె బలిసినదనియు బిడ్డ చిక్కినాడనియు మనము వగచుచున్నాము!

1918లో మెక్కారిసన్ దొర కూనూరున నొక్క గదిలో బెరిబెరి పరిశోధన నారంభించెను. తరువాత నాయన హిందూదేశమునందలి వివిధజనుల భోజనములను ఎలుకలకు బెట్టి పెంచెను. ఎలుకలకు కులమతములు లేవు గనుక సాక్ష్యము నిష్పాక్షికము. పొట్టుతీయని గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు, పండ్లు గల సిక్కుల భోజనము తిన్నవి అందఱికంటె బాగుగ నెదిగినవి. తెల్లబియ్యమే ప్రధానమైన మదరాసు భోజనము తిన్నవి చివర నిలిచినవి. ఇందు గోధుమ కెంత, పాల కెంత యనునది వేఱుపఱుపవలసినదే. పాలులేని పేదకు ముడిధాన్య మొక్కటియే సిక్కుదేహము నీయజాలదని మా యభిప్రాయము. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు దరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా వెలసియున్నది.

తమిళదేశమున ఉప్పుడుబియ్యము తినువారిని ఈ వ్యాధి యంతగా బాధింపలేదు. ధాన్యమును నానబెట్టి యుడికించునపుడు పైపొరలోని థయమిన్ గింజలోనికి దిగును; పిదప మర పట్టినను కొంత నిలుచును. పచ్చిబియ్యమునకు ఆ రక్షణ లేదు. మన యిండ్లలో నాలుగుమాఱులు కడిగి, గంజి వార్చి, మిగిలినదియు దొట్టిలో బోయుదుము.

దంపుడన్నము వడ్డించిన వియ్యాలవారు నవ్వుదురను భయముచే నెందఱో గృహిణులు వెనుదీయుచున్నారు. ముడిబియ్యమునకు లోపమును గలదు: తవుటిలోని నూనె ముక్కిపోవును, పురుగు త్వరగా పట్టును. వర్తకులు తెల్లబియ్యమునే నిలువచేయుట కిదియు నొక కారణము. కావున దానిని ఏడాదికి గాదెలో నింపక, నెలకు సరిపడునంత దెచ్చుకొని, ఒకమాఱు మాత్రము కడిగి, ఎసరు ఇగురునట్లు వండవలెను.