దక్షిణ ఇండియా సంఘం: క్రైస్తవ శాఖల కలయిక

దక్షిణ ఇండియా సంఘం (వాడుకలో సీఎస్ఐ) 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథెడ్రల్లో ఏర్పడిన ఐక్య క్రైస్తవ సంఘం. ఆంగ్లికన్, వెస్లియన్ మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు తమ వేరు కాపురాలు చాలించి ఆ రోజు ఒక్కటయ్యాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఆరు వారాలు. బిషప్పులు లేనిదే సంఘమే లేదనేవారూ, బిషప్పులతో పనేముంది అనేవారూ ఒకే సంఘంగా కలవడం ఐరోపా మతసంస్కరణ తర్వాత ఇదే మొదటిసారి. అందుకే క్రైస్తవ ఐక్యతా ఉద్యమం గురించి ఎక్కడ చర్చ వచ్చినా ఈ సంఘం పేరు వస్తుంది. ఆ కలయికకు దారి వేసిన వారిలో ముఖ్యుడు తెలుగు నేలమీద, ఇప్పటి మహబూబాబాద్ జిల్లా డోర్నకల్లో ఉండి పనిచేశాడు.

అసలు శాఖలు ఎలా వచ్చాయో చూస్తేగాని ఐక్యత ఎందుకు కావలసి వచ్చిందో తెలియదు. పందొమ్మిదో శతాబ్దంలో తెలుగు జిల్లాలకు వచ్చిన మిషనరీలు ఒకరి ప్రాంతంలో మరొకరు వేలు పెట్టకూడదని ఒప్పందాలు చేసుకున్నారు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. కాకినాడ మొదలు ఉత్తర కోస్తా కెనడియన్ బాప్టిస్టులది. గుంటూరు, రాజమండ్రి లూథరన్లవి. బందరు, ఏలూరు, బెజవాడ, ఖమ్మం, దుమ్ముగూడెం ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీవి. కడప, గుత్తి లండన్ మిషన్‌వి. మెదక్, హైదరాబాద్ ప్రాంతం వెస్లియన్లది. ఒక్క గోదావరి డెల్టానే తీసుకుంటే రాజమండ్రిలో లూథరన్లు, నరసాపురంలో బ్రెదరెన్, కాకినాడలో బాప్టిస్టులు, ఏలూరులో ఆంగ్లికన్లు.

కాబట్టి తెలుగు క్రైస్తవుడు లూథరన్ అయ్యాడా, బాప్టిస్టు అయ్యాడా అన్నది అతను ఏ సిద్ధాంతాన్ని ఒప్పుకున్నాడన్న దానికంటే ఏ తాలూకాలో పుట్టాడన్న దాన్నిబట్టి తేలింది. జర్మనీలో లూథర్ ఏమన్నాడో, ఇంగ్లండులో రాజుకూ పోపుకూ ఎందుకు చెడిందో పల్లెలో నాగలి పట్టినవాడికి అవసరం లేదు. అయినా ఆ తగవుల ఫలితం అతని ఇంటి దాకా వచ్చింది. కూతుర్ని పక్క జిల్లాకిస్తే ఆమె అక్కడి సంఘంలో ప్రభు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో) పాలు పంచుకోవచ్చా లేదా అన్నది పెద్దలు తేల్చాల్సిన విషయమైంది.

ఇందులో కులం కూడా కలిసింది. ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టు సంఘంలో ఎక్కువమంది మాదిగలు. కడప వైపు లండన్ మిషన్ సంఘాల్లో ఎక్కువమంది మాలలు. శాఖల గోడలు చాలాచోట్ల కులాల గోడల మీదే లేచాయి. ఐక్యత చర్చల్లో వేదాంతులు గంటల తరబడి మాట్లాడింది బిషప్పు పదవి గురించే. ఊళ్లో మాత్రం కులం గోడే గట్టిది.

ఆ పరిస్థితుల్లో తెలుగు నేలకు వచ్చినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు. మొదట వైఎంసీఏ కార్యదర్శిగా దేశమంతా తిరిగాడు. తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో నడిపే మిషన్ 1903లో మొదలైనప్పుడు దాని వెనుక ఉన్నవారిలో ఈయనొకరు. ఆ మిషన్ తరఫునే 1909లో నిజాం రాజ్యంలోని రైల్వే జంక్షన్ డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకుని స్థిరపడ్డాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికెక్కిన తొలి భారతీయుడాయన. దొరల కింద పనిచేయడం అలవాటైన చోట, దొరలే ఈయన కింద పనిచేయాల్సి రావడం అప్పట్లో కొందరికి మింగుడుపడలేదు.

డోర్నకల్ కెథెడ్రల్ చూసినవారికి ఆయన ఆలోచన సగం అర్థమైపోతుంది. గోతిక్ శిఖరం కోసం వెతికితే కనపడదు. మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు కనిపిస్తాయి. కట్టడం ఏళ్ల తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. తూర్పు జ్ఞానులు శిశువైన క్రీస్తును దర్శించుకున్నదాన్ని స్మరించే పండుగ అది. కెథెడ్రల్‌కు పేరూ ఆ పండుగదే. క్రైస్తవం ఈ దేశంలో ఈ దేశపు రూపంలోనే ఉండాలని ఆయన నమ్మకం. దిగుమతైన శాఖలు ఆ నమ్మకానికి అడ్డు.

1919 మే మొదటి రెండు రోజుల్లో తరంగంబాడిలో ఒక చిన్న సమావేశం జరిగింది. 1706లో తొలి ప్రొటెస్టెంటు మిషనరీ జీగెన్‌బాల్గ్ ఓడ దిగిన ఊరది. వచ్చినవారు 33 మంది, వారిలో ఇద్దరే పాశ్చాత్యులు. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. క్రైస్తవ దేశాలే ఒకదాన్నొకటి నరుక్కున్న యుద్ధమది. ఈ చీలికలు మేము తెచ్చుకున్నవి కావు, బయటినుంచి మా నెత్తిన పడ్డవి అన్న భావం అక్కడ విడుదల చేసిన ప్రకటనలో స్పష్టంగా ఉంది. అజరయ్యతో పాటు దక్షిణ ఇండియా ఐక్య సంఘం తరఫున వి. శాంటియాగో ముందు నిలిచాడు. ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు 1908లోనే కలిసి ఏర్పరచుకున్న సంఘమది. వెస్లియన్లు కొన్నేళ్లకు చర్చల్లోకి వచ్చారు.

అక్కడినుంచి కలయిక దాకా 28 ఏళ్లు పట్టింది. ముడి పడింది ఒక్కచోటే: బిషప్పులు. అపొస్తలుల కాలంనుంచి చేతిమీద చెయ్యిగా వచ్చిన బిషప్పుల వరుస తెగితే పాస్టరు పట్టం చెల్లదని ఆంగ్లికన్లలో ఒక వర్గం పట్టుదల. ఇన్నేళ్లుగా ప్రభు బల్ల పంచిన మా పాస్టర్ల సేవ ఉత్తదా అని మిగతావారి కోపం. మళ్లీ పట్టం కట్టించుకోమంటే అంతదాకా చేసిందంతా చెల్లదని ఒప్పుకోవడమే కదా.

చివరికి దొరికిన ఉపాయం తెలివైనది. ఉన్న పాస్టర్లందరినీ ఉన్నట్టే ఒప్పుకుంటారు, ఎవరికీ రెండోసారి అభిషేకం ఉండదు. కలిసిన రోజునుంచి కొత్తగా పట్టం పొందేవారికి మాత్రం బిషప్పులే చేతులుంచుతారు. ముప్పై ఏళ్లు ఇలా నడిచాక మిగిలిందేమైనా ఉంటే అప్పుడు చూసుకుంటారు. ఈలోగా ఏ సంఘం మీదా దాని మనస్సాక్షి ఒప్పుకోని పాస్టరునుగానీ ఆరాధనను గానీ రుద్దబోమని మాట ఇచ్చుకున్నారు. తగవు తెగలేదు, తెగనక్కర్లేకుండా కాలానికి వదిలారు.

ఇంగ్లండులో దీనిమీద పెద్ద రభస జరిగింది. కవి టి.ఎస్. ఎలియట్ 1943లో ఈ పథకాన్ని తిడుతూ ఒక కరపత్రమే రాశాడు. దక్షిణాది పల్లెల్లోని పాస్టర్ల పట్టం గురించి లండన్ కవికి అంత ఆవేశం ఎందుకంటే, ఇక్కడ జరిగితే రేపు అక్కడా జరుగుతుందన్న భయం. అజరయ్య ఈ కలయిక చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్లో కన్నుమూశాడు.

1947 సెప్టెంబరు 27 వేడుకకు కేరళ బిషప్పు సి.కె. జేకబ్ అధ్యక్షత వహించాడు. అదేరోజు తొమ్మిదిమంది కొత్త బిషప్పులకు అభిషేకం జరిగింది. అంతకుముందున్న ఐదుగురు ఆంగ్లికన్లతో కలిపి పద్నాలుగు అధ్యక్ష ఖండాలకు పద్నాలుగు మంది. కొత్తవారిలో స్కాట్లండు ప్రెస్బిటేరియన్ లెస్లీ న్యూబిగిన్ ఒకడు. తర్వాతి కాలంలో ప్రపంచ ఐక్యతా ఉద్యమానికి ఆయన పెద్ద గొంతుక అయ్యాడు. రాయలసీమ సంఘాలకు పెద్దగా ఉన్న హోస్పేట సుమిత్ర 1954లో సంఘమంతటికీ పెద్ద అయిన మోడరేటరై, ఆ స్థానంలో కూర్చున్న తొలి భారతీయుడు అనిపించుకున్నాడు. సభ్యుల సంఖ్య కలిసేనాటికి సుమారు పది లక్షలు. ఆంగ్లికన్ ప్రపంచం మాత్రం చాలా ఏళ్లు వీరిని అనుమానంగానే చూసి, తర్వాతగాని తన బల్లకు పూర్తిగా పిలవలేదు.

కొత్త సంఘం చేసిన పనుల్లో దూరం వెళ్లింది 1950లో సిద్ధమైన ప్రభు బల్ల ఆరాధన క్రమం. బోధకుడు బల్ల వెనక నిలబడి సంఘం వైపు తిరిగి నడిపించడం, సమాధానం (శాంతి) చెప్పుకుంటూ ఒకరి చేతులు ఒకరు అందుకోవడం అందులో ఉన్నాయి. చేతులు అందుకునే పద్ధతి కేరళ సిరియన్ క్రైస్తవులది. పాశ్చాత్య సంఘాలు తమ ఆరాధనలను సవరించుకున్నప్పుడు ఈ క్రమాన్ని శ్రద్ధగా చదివాయి. మిషనరీలు తెచ్చిన పుస్తకాలే చదివిన సంఘం మిషనరీల దేశాలకు పాఠం చెప్పడం చిన్న విషయం కాదు.

తెలుగు నేలమీద కలయిక సగమే అయింది. డోర్నకల్, కృష్ణా గోదావరి, మెదక్, రాయలసీమ కొత్త సంఘంలోకి వచ్చాయి. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ కెథెడ్రల్ వెస్లియన్ల కట్టడం, ఇప్పుడది సీఎస్ఐది. కానీ అమెరికా నుంచి వచ్చిన మెథడిస్టులు చేరలేదు. అందుకే ఒక్క హైదరాబాదులోనే రెండు మెథడిస్టు వారసత్వాలు వేరువేరు బోర్డుల కింద ఉన్నాయి. బాప్టిస్టులు రాలేదు. పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వడం వారికి ఒప్పుకోదగ్గది కాదు. అది తాలూకా తెచ్చిన తేడా కాదు, నమ్మకం. లూథరన్లతో చర్చలు దశాబ్దాలు సాగి, సిద్ధాంతాల మీద ఉమ్మడి ప్రకటనల దాకా వెళ్లాయి. వేదాంతులు ఒప్పుకున్నా సంఘాలు కలవలేదు. ఆస్తులూ, పదవులూ, విదేశీ సాయమూ ఉన్నచోట పత్రం మీది అంగీకారం సరిపోదు. 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘం రెండు రకాల బాప్తిస్మాన్నీ ఒప్పుకుని బాప్టిస్టుల్లో ఒక భాగాన్ని కలుపుకోగలిగింది. ఇక్కడ ఆ పని జరగలేదు.

బల్లల చుట్టూ కూర్చుని చేసిన ప్రయత్నాలకన్నా ముందే ప్రజలు కొంత కలిసిపోయారు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కటక్‌లో బాప్టిస్టు మిషనరీల దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన కీర్తనలు లూథరన్ గుడిలోనూ, ఆంగ్లికన్ గుడిలోనూ అవే రాగాలతో పాడారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం చేతిలో ఉంటే శాఖ ఏదైనా ఆదివారం గడిచిపోతుంది. బైబిలూ అందరికీ ఒకటే. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కాలేజీలో లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ విద్యార్థులు ఒకే తరగతిలో చదివారు. చదువు అయ్యాక ఎవరి సంఘానికి వారు.

కలిసినంత మాత్రాన కలహాలు పోలేదు. పాత శాఖ పేరు మీద, కులం మీద ఓట్లు పడటం, ఆస్తుల తగాదాలు కోర్టుకెక్కడం సీఎస్ఐలోనూ ఉన్నాయి. అన్నిటికంటే ముందొచ్చిన గొడవ నంద్యాలది. అక్కడి ఆంగ్లికన్లు బిషప్పుల వరుస మీద పట్టుదలతో 1947లో వేల సంఖ్యలో బయటే ఉండిపోయారు. చేరడానికి దాదాపు మూడు దశాబ్దాలు తీసుకున్నారు. పట్టం ఎవరిది చెల్లుతుందన్న ప్రశ్నతో ఒకప్పుడు తలుపు వేసుకున్న ఆ నంద్యాల అధ్యక్ష ఖండానికే 2013 సెప్టెంబరులో ఇ. పుష్పలలిత బిషప్పు అయ్యారు. సీఎస్ఐలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ ఆమె.