ఖైదు ఊరు షికారు ఊరైన వైనం

టర్కీ నైరుతి కొసన, ఏజియన్ సముద్రం ఒడ్డున బోడ్రుమ్ అనే రేవు పట్నం ఉంది. ఎండాకాలం సెలవుల్లో పొద్దు గూకేసరికి కుటుంబాలన్నీ రేవు గట్టు మీదే ఉంటాయి. అమ్మమ్మలు బెంచీల మీద చేరి పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతుంటారు. పిల్లలు ఐస్‌క్రీమ్ బండిని వదలరు. అన్నం, మసాలా కూరి ఉడికించిన ఆల్చిప్పలు పళ్లెంలో పేర్చుకుని ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. ఆ తినుబండారం పేరు మిద్యే దొల్మా. పైచిప్ప విరిచి, దాంతోనే లోపలి ముద్దని కదిలించి, నిమ్మకాయ పిండి చేతికిస్తాడు. తిన్న వెంటనే ఇంకోటి. చాలనే దాకా అందిస్తూనే ఉంటాడు. ఆఖర్న ఖాళీ చిప్పలు లెక్కపెట్టి డబ్బులు అడుగుతాడు. మొహమాటస్తులు అతని ముందు నిలబడకపోవడమే మంచిది.

ఇంత తీరుబడిగా కనిపించే ఈ ఊరికి రూపమిచ్చిన వాళ్లలో ముచ్చటపడి వచ్చినవాళ్లు తక్కువ. తరిమితే వచ్చినవాళ్లే ఎక్కువ.

రేవుకి అడ్డంగా నిలబడ్డ కోటనే తీసుకోండి. 1398లో ఢిల్లీని దోచిన తైమూరు, నాలుగేళ్లకి ఇటు వచ్చి స్మిర్నా (ఇప్పటి ఇజ్మీర్) కోటని పట్టుకున్నాడు. అక్కణ్ణుంచి వెళ్లగొట్టబడ్డ సెయింట్ జాన్ యోధ సన్యాసులు, ఒట్టొమన్ సుల్తాను మొదటి మెహ్మద్ అనుమతి తీసుకుని బోడ్రుమ్‌లో కోట మొదలుపెట్టారు. రాళ్లకి కొరత లేదు. అది పాత హాలికర్నాసస్ నగరం, చరిత్రకారుడు హెరొడోటస్ పుట్టిన ఊరు. క్రీ.పూ. 353లో చనిపోయిన మౌసోలస్ రాజు సమాధి అక్కడే ఉండేది. ప్రపంచ ఏడు వింతల్లో ఒకటి. భూకంపాలకి అప్పటికే కూలిన దాన్ని యోధులు తవ్వి, రాయి గోడలకి, పాలరాయి సున్నపు బట్టీలకి పంపారు. ఇప్పుడు సెల్ఫీ కోసం జనం ఆనుకునే కోట గోడల్లో ఆ వింత తాలూకు పచ్చరాళ్లున్నాయి. 1522లో ఒట్టొమన్ సుల్తాను సులేమాన్ యోధుల ప్రధాన స్థావరమైన రోడ్స్ దీవిని గెలవడంతో వాళ్లు ఈ కోటనీ వదిలిపోవాల్సి వచ్చింది. 1895లో ఒట్టొమన్లు దాన్ని జైలు చేశారు.

1923లో గ్రీస్, టర్కీ జనాన్ని మార్చుకున్నాయి. మతాన్ని బట్టి, ఇష్టాయిష్టాలతో పని లేకుండా. 12 లక్షలకి పైగా క్రైస్తవులు గ్రీస్‌కి, సుమారు 4 లక్షల మంది ముస్లింలు టర్కీకి. బోడ్రుమ్ గ్రీకులు సముద్రం దాటారు. క్రీటు దీవి ముస్లింలు ఇటు దిగారు. వాళ్లలో చాలామందికి గ్రీకు తప్ప టర్కిష్ రాదు. పొలం గట్ల మీది ఆకుకూరల్ని ఏరి, ఉడకబెట్టి, ఆలివ్ నూనె, నిమ్మరసం వేసి తినడం వాళ్లు తెచ్చిన అలవాటే. ఈరోజు రేవు హోటళ్లలో భోజనానికి ముందు చిన్న పళ్లేల్లో వచ్చే ఆకుకూరలకి మంచి ధరే పలుకుతోంది.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. జెవాత్ షాకిర్. ఒట్టొమన్ పెద్ద అధికారులైన పాషాల ఇంట పుట్టాడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. 1914లో తండ్రిని కాల్చి చంపిన కేసులో జైలుకెళ్లాడు. విడుదలయ్యాక పత్రికల్లో బొమ్మలు వేస్తూ, కథలు రాస్తూ బతికాడు. సైన్యం వదిలి పారిపోయినవాళ్లని విచారణ లేకుండా ఉరి తీయడం గురించి 1925లో ఒక రచన చేశాడు. అంకారాలోని ప్రత్యేక న్యాయస్థానం మూడేళ్లు బోడ్రుమ్‌లో కోట ఖైదు వేసింది. అప్పట్లో బోడ్రుమ్ అంటే దిక్కూమొక్కూ లేని చోటు, అందుకే శిక్షకి ఎంచుకున్నారు. తీరా చేరాక స్థానిక అధికారి మెత్తబడి, సముద్రం పక్కన ఇల్లు అద్దెకి తీసుకోనిచ్చాడు. శిక్షలో సగం గడిచాక ప్రభుత్వం ఇస్తాంబుల్‌కి మార్చింది. అక్కడ మిగతాది పూర్తిచేసి, ఈయన మళ్లీ బోడ్రుమ్‌కే వచ్చాడు, ఈసారి తనంతట తాను!

ఆ తర్వాత అక్కడే సుమారు ఇరవయ్యేళ్లు. ‘హాలికర్నాసస్ జాలరి’ అన్న కలం పేరుతో చేపలవాళ్ల కథలు, సముద్రం అడుగు నుంచి స్పాంజి తెచ్చే గజ ఈతగాళ్ల కథలు రాశాడు. విదేశాల నుంచి విత్తనాలు తెప్పించి ఊరంతా చెట్లు నాటాడు. తెల్లటి ఇళ్ల మీద ఎగబాకే కాగితం పూల తీగల్నీ, తాటి జాతి చెట్లనీ ఊరివాళ్లు ఇప్పటికీ ఆయన ఖాతాలోనే వేస్తారు. రచయితలకి విగ్రహాలు పెట్టడం కన్నా ఇది ఎంతో నయం.

ఆయనే 1940ల్లో ఇస్తాంబుల్ మిత్రుల్ని పిలిచి స్పాంజి పడవలెక్కించాడు. ఆ యాత్రల్లో ముందూ వెనకా చేరినవాళ్లలో సబాహత్తిన్ ఎయుబోగ్లు, ఇలియడ్‌ని టర్కిష్‌లోకి తెచ్చిన అజ్రా ఎర్హత్ ఉన్నారు. పడవలో గదుల్లేవు. పడక బల్లచెక్కల మీదే. జున్ను, నీళ్లు, ఎండు రొట్టె, పొగాకు, రాకీ సారా, అంతే సరంజామా. 1962లో అజ్రా ఎర్హత్ ‘మావి యోల్జులుక్’ (నీలి యాత్ర) అనే పుస్తకం రాసింది. ఆ పేరుతోనే ఇప్పుడు పడవ యాత్రల వ్యాపారం నడుస్తోంది.

పడవలిచ్చిన స్పాంజివాళ్ల బతుకు మాత్రం నీలి కలేం కాదు. లోతు నుంచి తొందరగా పైకొస్తే రక్తంలో నత్రజని బుడగలు కట్టి కాళ్లూ చేతులూ పడిపోయేవి. అయినా వాళ్ల కళ్లు పురావస్తు శాస్త్రానికి ఉపయోగపడ్డాయి. 1982లో టర్కీ దక్షిణ తీరంలోని కాష్ దగ్గర ఒక ఈతగాడు అడుగున చెవులున్న లోహపు బిస్కెట్లు చూశానన్నాడు. అవి మూడు వేల మూడు వందల ఏళ్ల నాటి ఓడలోని రాగి దిమ్మలు, మొత్తం సుమారు 10 టన్నులు. 1984 నుంచి 1994 దాకా తవ్వి తీసిన సరుకు బోడ్రుమ్ కోటలోని మ్యూజియంలో ఉంది. 1980ల చివర్లో తెగులు సోకి మధ్యధరా స్పాంజి చాలావరకు చచ్చింది, ఆ వృత్తీ దాదాపు పోయింది.

అప్పటికే పడవలు వేషం మార్చేస్తున్నాయి. స్పాంజివాళ్ల తిర్హాందిల్ పడవ ముందూ వెనకా కూడా కోసుగా ఉంటుంది. సరదాగా వచ్చేవాళ్లకి భోజనం బల్ల వేసే చోటు కావాలి. దాంతో వెనక భాగం గుండ్రంగా, వెడల్పుగా ఉండే గులెత్ పడవలకి గిరాకీ పెరిగింది. కోసు వెనకని గుండ్రం చేసింది సముద్రం కాదు, విందు బల్ల. గట్టు నుంచి వేసిన చెక్క దాటేముందు చెప్పులు బుట్టలో వేయాలి, నున్నటి బల్లచెక్కల మీద గీతలు పడకుండా.

ఈమధ్య బోడ్రుమ్ హోటల్ బిల్లులు టర్కీ పత్రికల్లో వార్తలవుతున్నాయి. ఎదురుగా సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో గ్రీకు దీవి కోస్ ఉంది. 2024లో టర్కీవాళ్లకి అక్కడ రేవులోనే ఏడు రోజుల వీసా ఇవ్వడం మొదలుపెట్టారు. ధర తక్కువని ఫెర్రీ ఎక్కి రాత్రి భోజనానికి అటు వెళ్తున్న కుటుంబాల్లో, వందేళ్ల కింద క్రీటు నుంచి దింపబడ్డవాళ్ల మునిమనవలు కూడా ఉండే ఉంటారు.