మోతికి వచ్చినది పిచ్చేనా?

నన్నయ భారతంలో అవతారిక దాటి కథలోకి అడుగుపెట్టిన కొద్దిసేపటికే ఒక కుక్కపిల్ల ఏడుపు వినబడుతుంది. జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తుండగా, దేవశుని సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ అటు వెళ్తాడు. రాజు తమ్ముళ్ళు వాణ్ణి కొట్టి తరుముతారు. తల్లి రాజు ఎదుటికే వచ్చి, తప్పు చేయని బిడ్డను ఎందుకు కొట్టించారని నిలదీసి, శపించి పోతుంది. ఇక భారతం ముగియబోయే చోట, తిక్కన మహాప్రస్థానిక పర్వంలో మరొక కుక్క ఉంది. భార్యా తమ్ములూ ఒక్కొక్కరే రాలిపోయాక కూడా ధర్మరాజు వెంట నడిచినది అదే. దానిని విడిచి రథమెక్కనని ఆయన ఇంద్రుడితోనే వాదించాడు.

ఆటలాడే కుక్కపిల్ల ఒకటి, చివరిదాకా వెంట వచ్చిన కుక్క ఒకటి. ఈ రెంటి నడుమ జబ్బుపడిన కుక్క ఒకటి ఉండాలి గదా! దానిని నేను మన కావ్యాలలో వెదికాను గాని కనబడలేదు. వెదకడానికి కారణం మా మోతి.

మాది పెద్దవంగర. ఒకప్పటి వరంగల్లు జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టినపుడు మండలమై మహబూబాబాదు వైపు వెళ్ళింది. పాల్కురికి సోమనాథుని ఊరుగా పేరుబడ్డ పాలకుర్తి మాకు పొరుగే, ఇప్పుడది జనగామ జిల్లా. ఆ సోమనాథుని బసవపురాణంలో ఒక శివభక్తుడు కుక్కచేత వేదం చదివిస్తాడు. పండితుల గర్వం అణచడానికి చెప్పిన కథ అది. కుక్క మీది ప్రేమతో కాదు. అయినా చిన్నప్పుడు ఆ కథ విన్ననాడు మోతిని అరుగు మీద కూర్చోబెట్టి ఓనమాలు చెప్పించబోయిన మాట నిజం. అది నా పలక బలపాన్ని నమిలేసింది.

మా వైపు గొల్లకురుమలకు మల్లన్న దేవుడు. కొమురవెల్లి, ఐనవోలు జాతరలలో ఒగ్గు కథలు వింటూ పెరిగాము. ఈ మల్లన్నే కన్నడదేశంలో మైలారలింగడు, మహారాష్ట్రంలో జేజూరి ఖండోబా. కుక్క ఆయన పరివారంలోనిది. మైలారుని గొరవలు కుక్కలవలె మొరిగి, దోనెలో పోసిన పాలు నేలకు వంగి తాగడం అక్కడ మొక్కుబడి. గొర్రెలమందకు కావలి కాసే జీవి దేవుని వెంట ఉండడంలో వింత లేదు. మోతి కూడా మందలోనిదే. మందకుక్క ఈనితే, గొర్రెలు కాసే తాత ఒక పిల్లను మా నాయన చేతిలో పెట్టాడు. నల్లటి ఒళ్ళు, నొసట తెల్లమచ్చ, దాన్నిబట్టే ఆ పేరు. ఏడాది తిరిగేసరికి బర్రెదూడలతో పందెం వేసి పరుగెత్తేది. బాయికాడ మోట తిరిగినంతసేపూ ఎద్దుల వెంట ముందుకీ వెనక్కీ నడిచేది. పని అంతా తానే చేస్తున్నట్టు సాయంత్రానికి నాలుక వేలాడేసి పడుకునేది.

1983 వానాకాలంలో మోతికి కండ్లలో పుసి, ముక్కున చీమిడి మొదలయ్యాయి. దగ్గింది, తిండి మానింది. వారం దాటాక కొంచెం తేరుకుని గంజి తాగింది గూడా. బతికిందనుకున్నాము. మరి రెండు వారాలకు తల అదరడం, ఏదో నములుతున్నట్టు దవడలు ఆడడం, నోట నురుగుతో పడి కాళ్ళు కొట్టుకోవడం. వాడలో ఎవరో "పిచ్చి లేసింది" అన్నారు. ఆ తరువాత జరిగినది రాయను. కట్టెలు పట్టుకొచ్చిన వారంతా దానికి అన్నం పెట్టినవారే. అది ఎవరినీ కరవలేదు. అయినా నా చేతులు నాకినది గనుక నాకు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించారు.

ఆ సూదిమందుది పెద్ద కథ. 1885 జూలై 6న పాస్తూర్ ఒక పిల్లవాడికి తొలి టీకా వేశాడు. మన దేశంలో కూనూరు పాశ్చర్ సంస్థ 1907లో మొదలైంది. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో గొర్రె మెదడునుండి మందు తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. దాదాపు ఒక శతాబ్దం మన పొట్టల మీద పొడిచినది ఆ రకమే. గొర్రెలను కాచేది కుక్క, కుక్కకాటుకు మందు గొర్రె మెదడు! పక్షవాతం వంటి ప్రమాదాలున్న ఆ మందును మన దేశం 2005 నాటికి గాని పూర్తిగా వదలలేదు.

మోతికి వచ్చినది పిచ్చి కాదేమోనన్న అనుమానం నాకు చాలా ఏళ్ళ తరువాత కలిగింది. పిచ్చి లక్షణాలు బయటపడిన కుక్క సాధారణంగా పదిరోజులు దాటి బతకదు. మోతి మూడు వారాలకు పైగా జబ్బుతో ఉన్నది. ముందు కండ్లు, ముక్కు కారడం, నడుమ తేరుకోవడం, పిదప మూర్ఛలు. ఈ వరుస డిస్టెంపర్ అనే జబ్బుది. అది కంటికి కనబడని వైరస్ వలన వస్తుందని ఫ్రాన్సు పశువైద్యుడు ఆన్రీ కారే 1905లోనే చూపాడు. 1920లలో లండనులో లెయిడ్లా, డంకిన్ దానికి టీకా సాధించారు. పరిశోధనకు డబ్బిచ్చినవారిలో వేటకుక్కలు పెంచుకునే దొరలు ఎక్కువ. కుక్కలను ప్రేమించేవారి చేతిలో డబ్బుండడం ఎంత పని చేస్తుందో చూడండి.

నన్ను మరింత ఆపినది మరొక సంగతి. డిస్టెంపర్ వైరస్, పిల్లలకు తట్టు తెచ్చే వైరస్, పశువుల ముసర వ్యాధి వైరస్, ఈ మూడూ ఒకే కుదురువి. ముసరకు టీకాలు వేయడానికి సర్కారు మనుషులు ఊరూరా తిరిగారు. 2011లో ఆ రోగం లోకంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు. తట్టుకు టీకాలు మా ఇళ్ళకే వచ్చాయి. ఎద్దుకు వచ్చిన సూది, బిడ్డకు వచ్చిన సూది, ఆ రెంటి నడుమ గడపలో పడుకున్న జీవికి రాలేదు. మా నాయన బర్రెను పశువుల దవాఖానకు కొన్ని మైళ్ళు నడిపించుకు పోయిన మనిషే. కుక్కను తీసుకుపోవచ్చునన్న ఆలోచన ఆయనకు గాని మరొకరికి గాని తోచలేదు. మా భాషలో కుక్కకు ఒకే జబ్బు ఉండేది, దానికి ఒకే వైద్యం ఉండేది.

ఊరివారిని తప్పు పట్టబోవడం లేదు. పిచ్చి ముదిరిన మనిషి చావును ఒక్కసారి చూసినవాడు మళ్ళీ కట్టె దించడు. లక్షణాలు మొదలయ్యాక మనిషిని బతికించే మందు ఇవాళ్టికీ లేదు. రోగనిర్ధారణ చేయాలన్నా చచ్చిన కుక్క మెదడును పరీక్షించాలి. 1903లో నెగ్రీ అనే ఇటలీ వైద్యుడు అందులోని గుర్తులు కనిపెట్టినప్పటినుండి అదే దారి. మోతి తలను వరంగల్లు దాకా మోసుకెళ్ళేవారెవరు? కనుక నా అనుమానం అనుమానంగానే ఉంటుంది.

అన్నట్టు, రాష్ట్రకూట మూడవ కృష్ణుని కాలంలో, మన కుర్క్యాల గుట్ట మీద జినవల్లభుడు తెలుగు కంద పద్యాలు చెక్కించిన ఆ రోజులలోనే, కన్నడదేశంలోని ఆతకూరులో కాళి అనే కుక్కకు వీరగల్లు నిలిపారు. అడవిపందితో పోరాడి, దానిని చంపి తానూ చచ్చినది కాళి. 949-50 నాటి ఆ శాసనంలో కుక్క రాతికి పూజ జరగడానికి భూమి ఇచ్చారు. పూజ చేయకుండా అన్నం తిన్న పూజారికి ఆ కుక్క చేసిన పాపాలు చుట్టుకుంటాయట! తమిళదేశంలో ఎడుత్తనూరు రాతి మీద ఏడవ శతాబ్దపు కోవివన్ ఉన్నది, దొంగలను కరిచి యజమాని పక్కన నిలబడినందుకు. పోరులో చచ్చిన కుక్కలకు రాళ్ళున్నాయి.

మోతిని మా నాయన రాత్రిపూట ఒక్కడే తీసుకుపోయి చెలక గట్టున పాతిపెట్టాడు. మీద సున్నం చల్లాడట, నక్కలు తవ్వకుండా. ఎక్కడని అడిగితే చాలా ఏళ్ళు చెప్పలేదు. చెప్పేనాటికి ఆ గట్టు మీదుగా కాలువ తవ్వారు.